బైబిలు వచనాల్లో కృపను, రోజువారీ దారిని ఎలా చూడాలి?

"రోజూ బైబిలు చదువుతున్నాను, కానీ ఆ మాటలు నా జీవితానికి ఎలా వర్తిస్తాయో తెలియడం లేదు" అని ఒకరు అన్నారు. వచనాన్ని విడిగా పట్టుకోకుండా, ఎవరు ఏ స్థితిలో పలికిన మాటో ముందు చూడండి.

"నా కృప నీకు చాలును" (2 కొరింథీయులు 12:9) అందరికీ కంఠతా వచ్చిన మాట. దానికి ముందున్న వచనాలు చదివితే, తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని ఈ లేఖ రాసిన పౌలు మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడని తెలుస్తుంది. ముల్లు పోలేదు. వచ్చిన జవాబు ఈ మాటే. ఆ ముల్లు ఏమిటో పౌలు చెప్పలేదు. అందుకేనేమో, జబ్బుతో ఉన్నవారూ అవమానం మోస్తున్నవారూ అక్కడ తమను తాము చూసుకుంటారు. కష్టం తీరితేనే కృప దొరికిందనుకుంటాం గానీ, పౌలుకు అది కష్టం మధ్యలోనే దొరికింది. నాకు ఎంతో ప్రియమైన భాగమిది.

ఇక దారి సంగతి. కీర్తన 119:105 దేవుని వాక్యాన్ని పాదాలకు దీపం అంటుంది. దీపం చూపేది వేయబోయే అడుగునే, పదేళ్ల తర్వాతి సంగతిని కాదు. అందుకే కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి నిర్ణయాలు తీసుకోవద్దు. చిన్న భాగాన్ని నెమ్మదిగా రెండుమూడు సార్లు చదివి, ఈరోజు ఎవరిని క్షమించాలో, ఏ మాట ఆపుకోవాలో ప్రార్థనలో అడగండి. జ్ఞానం అడిగినవారిని దేవుడు గద్దించడని, ధారాళంగా ఇస్తాడని యాకోబు 1:5 చెబుతోంది.