వంటింటి లైట్లు కొనే ముందు

కోడలు పిల్లకి, అత్త ఆశీస్సులు.

వైట్‌ఫీల్డ్ ఫ్లాట్‌లో వంటింటి పని మొదలుపెడుతున్నారని మీ నాన్న చెప్పాడు. పైనుంచి వేలాడే గాజు లైట్లు నీకు నచ్చాయట. మల్లేశ్వరం ఇంట్లో నేనూ మోజుపడి అవే పెట్టించాను, మూడు. ఆర్నెల్లకే పోపు జిడ్డు పట్టి మసకబారాయి. ప్రతి పండక్కీ మీ మామయ్య స్టూలెక్కి సబ్బునీళ్ళతో తుడిచేవారు. ఒకటి పగిలాక మిగతా రెండూ అటకెక్కాయి. అంత ఇష్టమైతే డైనింగ్ టేబుల్ మీద పెట్టుకో, పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

ఈ రాత్రి మీ అద్దింట్లో గట్టు దగ్గర నిలబడి ఉల్లిపాయ తరిగి చూడు. లైటు సీలింగ్ మధ్యలో, అంటే నీ వెనకాల ఉంటుంది. తరిగే పలక మీద పడేది నీ నీడే. ఇరవై వాట్ల ట్యూబు తీసి నలభైది పెట్టినా ఆ నీడ పోదు. అందుకే సీలింగ్‌కి ఒక మామూలు లైటు చాలు. అసలు ఖర్చు పై అరల కింద పెట్టు. ప్రొఫైల్ లైట్ అని అడిగితే ఇస్తారు, అల్యూమినియం పట్టీలో ఎల్‌ఈడీ స్ట్రిప్ అతికించి ఉంటుంది. దాన్ని గోడవైపు కాక, అర ముందంచు దగ్గర పెట్టించు. గట్టు రెండడుగులు, పై అర అడుగు వెడల్పే కదా, గోడకి అతికిస్తే టైల్స్ మెరుస్తాయి, కూరగాయలు కనపడవు. మీది నల్ల గ్రానైట్ కాబట్టి పాలరంగు మూత ఉన్న పట్టీయే తీసుకో. లేకపోతే రాయిలో చుక్కలు చుక్కలుగా కనిపించి కళ్ళు లాగేస్తాయి.

స్ట్రిప్‌కి డ్రైవర్ అని చిన్న డబ్బా ఉంటుంది, ఇంటి కరెంటుని స్ట్రిప్‌కి సరిపడేలా మార్చేది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని ప్లైవుడ్ వెనక పెట్టి మూసేశాడు. రెండేళ్ళకి లైటు వెలగలేదు. స్ట్రిప్ నిక్షేపంలా ఉంది, పోయింది ఆ డబ్బా! దానికోసం చెక్క కోయాల్సొచ్చింది. చెయ్యి అందే చోట పెట్టించుకో. వైరింగ్ మాత్రం కార్పెంటర్ పని మొదలుపెట్టకముందే అయిపోవాలి. స్విచ్ కూడా వేరేగా ఉంచు, అర్ధరాత్రి పాలు కాచడానికి ఆ ఒక్క లైటు చాలు.

ఇక రంగు. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే నీలిగా, ఆసుపత్రిలా ఉంటుంది. 2700 అయితే పసుపు, హాల్లోకి బాగుంటుంది. వంటింటికి 4000 తీసుకో. దాంతోపాటు సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది. సాధారణంగా 80 ఉంటుంది, 90 దొరికితే వదలకు. వెల్లుల్లి ఎర్రగా వేగిందా, మాడిందా తెలిసేది దాని వల్లే. అంకెలు నమ్మబుద్ధి కాకపోతే సంచిలో ఒక టమాటా, కొత్తిమీర కట్ట వేసుకెళ్ళి షాపులో లైటు కింద పెట్టి చూడు. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనీ, నన్ను చూసీ నవ్వాడు.

చిక్కపేట దగ్గర బీవీకే అయ్యంగార్ రోడ్డులో వరసగా లైట్ల షాపులే. ఒక్కదానివే వెళ్ళకు, నేనూ వస్తాను. అక్కడ కారు పెట్టుకునే జాగా దొరకదు, మెట్రోలో రా. నువ్వు మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి, నేను సంపిగె రోడ్డులో ఎక్కుతాను. వచ్చేటప్పుడు కార్పెంటర్ గీసిన కొలతల కాగితం మర్చిపోకు.

మీ అత్త