కంప్రెసర్ మార్చినా కారు ఏసీ చల్లదనం నిలవకపోతే

మీ సమస్య లోపల మిగిలిన తేమ. కంప్రెసర్ మార్చి, పైపులు ఫ్లష్ చేశాక (లోపల కడిగాక) పది నిమిషాలు చల్లగా వచ్చి ఆగిపోతోంది, కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తోంది అన్నారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ సన్నని దారిలోంచి వెళ్లి చల్లబడే చోటు) దగ్గర ఆ తేమ గడ్డకట్టి దారి మూసేస్తోంది.

1. ఉన్న గ్యాస్‌ను ఒడిశాలోని రాయగడలోనో జయపురంలోనో గ్యాస్ తీసి పట్టే యంత్రం ఉన్న మెకానిక్‌తో తీయించండి. గాలిలోకి వదలవద్దు.

2. రిసీవర్ డ్రైయర్ (గ్యాస్ దారిలో ఉండే చిన్న డబ్బా) కొత్తది వేయండి. అందరూ వదిలేసేది ఇదే. అందులోని గింజలు తేమ పీల్చుకుంటాయి. ఈ కొండల వానగాలికి తెరిచి ఉంచితే త్వరగా నిండిపోతాయి. కడిగితే బాగుపడవు, ‘పాతదే నడుస్తుంది’ అనే మాట వినకండి. కొత్తదాని మూతలు అన్నిటికంటే చివర, బిగించే క్షణంలో తీయండి.

3. 45 నిమిషాలు వాక్యూమ్ చేయించండి, అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయించండి. పంపు ఆపాక గేజి ముల్లు కదిలితే లీకు వెతకాలి.

4. కొత్త గ్యాస్‌ను బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్న గ్రాముల లెక్కనే నింపించండి.