ఎన్నారై సందేహాలు: పెరట్లో గడ్డికి వేల డాలర్లా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కిందటి శీతకాలం ఇల్లు కొన్నాం. పెరట్లో బెర్ముడా గడ్డి అక్కడక్కడా ఊడిపోయి మట్టి కనిపిస్తోంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి, పరుగెత్తితే మా పాప పడిపోతోంది. మొత్తం తవ్వి కొత్త పచ్చిక పరుస్తానని ఒకాయన అంచనా ఇచ్చాడు. అంత ఖర్చు పెట్టవచ్చా?

జవాబు: వద్దు. ఆ అంచనా కాగితం సొరుగులో పడేసి జూన్ దాకా ఆగండి. బెర్ముడా అంటే మన గరికే. వినాయకచవితి పత్రిలో పెట్టేది, పొలం గట్ల మీద పీకేకొద్దీ మొలిచేది. ఎండ, ఎరువు, ఎడతెగని కోత దొరికితే ఖాళీలను అదే పూడ్చుకుంటుంది. కొత్త ఇల్లు కొన్న ఉత్సాహంలో ఉన్న మీకు ఈ మాట రుచించదని తెలుసు. నాకూ రుచించలేదు, అందుకే డబ్బు తగలేశాను.

మాది మీ పక్క ఊరు ప్లేనో. కొన్న మొదటి మార్చిలోనే నేల చదును చేయడానికి పూనుకున్నాను. లారీలో ఇసుక తెప్పిస్తే రవాణా దండగని బస్తాల్లో కొన్నాను. 50 పౌండ్ల బస్తాలో ఉండేది అర ఘనపు అడుగు. అంటే ఒక్క ఘనగజానికి 54 బస్తాలు! ఇంజనీరింగ్ చదివినవాడిని, ఈ లెక్క ముందే వేసుకోవలసింది. కారు వెనక టైర్లు అణిగిపోయాక వేసుకున్నాను. అర అంగుళం మందాన పరిస్తే ఘనగజం ఇసుక సుమారు 650 చదరపు అడుగులకు వస్తుంది. మీ పెరడు 2,000 చదరపు అడుగులనుకుంటే మూడు ఘనగజాలు చాలు. లారీ కిరాయి కలుపుకున్నా బస్తాల ఖర్చులో సగానికి మించదు.

డబ్బుతో పాటు అదను కూడా తప్పింది. మార్చిలో ఇక్కడి గడ్డి ఇంకా పూర్తిగా నిద్ర లేవదు. ఎండిపోయినట్టే ఉంది కదా, ఎంత పోస్తే ఏమిటని ఒక గుంతలో మూడంగుళాల ఇసుక ఒక్కసారే పోశాను. వసంతకాలపు వానలకు సగం ఇసుక వీధిలోకి కొట్టుకుపోయింది. మిగిలినదాని కింద గడ్డి కుళ్ళింది. ఆ ఖాళీలో కలుపు మొలిచింది.

మరుసటి ఏడు ఫిబ్రవరి చివర కలుపు విత్తనం మొలవకుండా చేసే మందు చల్లాను. అంతవరకు బాగానే ఉంది. ఏప్రిల్‌లో అదే నేలలో ఖరీదైన బెర్ముడా విత్తనం చల్లాను. ఆ మందుకు కలుపు విత్తనమని, డబ్బు పోసి కొన్న విత్తనమని తేడా లేదు. మొలిచిన నాలుగు పోచలు కూడా రంగు కలవక మాసికలా కనిపించాయి. తీరా అడిగితే బిల్డరు పరిచినది టిఫ్‌వే 419 అనే సంకరజాతి అని తేలింది. దానికి మొలిచే విత్తనమే ఉండదు, తీగలతోనే పాకుతుంది. ఆ విత్తనాల డబ్బును రూపాయల్లోకి మార్చి చూసుకుని ఆ రాత్రి భోజనం సగంలో వదిలేశాను. ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు, మా ఆవిడ సాక్షి.

మీరు చేయవలసింది ఇంతే. జూన్ నుంచి జులై మధ్య దాకా, గడ్డి దట్టంగా పచ్చగా ఎదుగుతున్నప్పుడు, వీలైనంత పొట్టిగా కోసి ఆ చెత్తంతా ఊడ్చేయండి. కడిగిన ఇసుకను తోపుడు బండితో తెచ్చి కుప్పలుగా పోసి, వెడల్పాటి చదును రేక్‌తో ముందుకూ వెనక్కూ లాగండి. గడ్డి కొసలు ఇసుక పైకి కనిపిస్తూనే ఉండాలి. లోతైన గుంతను ఒకేసారి నింపే ఆశ వద్దు, ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంత. ఇసుకను మట్టిలో కలిపి తవ్వకండి, పైపొరగానే ఉంచండి. మనది పత్తి పండే నల్లరేగడి లాంటి నేల, ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. కాబట్టి ఏ చదునూ శాశ్వతం కాదు.

తర్వాత ఒక తీగను వేలితో పైకెత్తి చూడండి. కణుపు కణుపు దగ్గర తెల్లని వేరు దిగి ఉంటుంది. అలాంటి తీగలను దట్టంగా ఉన్నచోటు నుంచి పిడికెడు తవ్వి, ఖాళీల్లో నాటి తడుపుతూ ఉండండి. పైసా ఖర్చు లేని పచ్చిక అది. సంచి మీద 21-0-0 అని ఉండే అమ్మోనియం సల్ఫేటు ఎరువు 1,000 చదరపు అడుగులకు 5 పౌండ్లకు మించకుండా చల్లి వెంటనే నీళ్ళు పెట్టండి. అంతకు ముందు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు మట్టి పంపితే ఇంకా మంచిది, ఎరువుల దుకాణంలో మోసపోవడం కన్నా ఆ రుసుము చవక. వారానికి రెండుసార్లు కోయండి, గడ్డి అడ్డంగా పాకేది కోతతోనే. వీడియోల్లో చూపించే రీలు కోత యంత్రం జోలికి పోకండి, మీ మామూలు మూవరు బ్లేడు సాన పట్టిస్తే చాలు.

గోడ పక్కన మాత్రం మట్టి, ఇసుక ఎత్తు పెంచకండి. ఇంటి పునాది దిమ్మ కనీసం నాలుగంగుళాలు కనబడాలి, వాలు ఇంటి నుంచి బయటికే ఉండాలి. ఇక్కడ పునాది మరమ్మతుకు ఎంతవుతుందో పక్కింటివాళ్ళను అడగండి. గడ్డి బెంగ తనంతట తనే పోతుంది. నీళ్ళు పెట్టే వారాలు నగరం వెబ్‌సైటులో ఉంటాయి, హెచ్ఓఏ (మీ కాలనీ ఇంటి యజమానుల సంఘం) నియమాలు ఆ సంఘం దగ్గర దొరుకుతాయి, చూసుకోండి.

మీ పెరట్లో ఓక్ చెట్టు ఉంటే, దాని నీడలో ఊడిపోయిన చోటుకు ఇవేవీ పనికిరావు. రోజుకు ఆరేడు గంటల ఎండ లేనిదే గరిక బతకదు. అక్కడ చెక్కపొట్టు పరిచి ఊరుకోండి. జులై నీళ్ళ బిల్లు వచ్చాక మళ్ళీ రాయండి. స్ప్రింక్లర్ ఏ జోనుకు ఎన్ని నిమిషాలు పెట్టారో కూడా రాయండి, అందులో ఎంత తగ్గించవచ్చో చెబుతాను.