అదే షెడ్డులో ఇంకో 500 పిట్టలు వేస్తే లాభమేనా?

మీ ప్రశ్న ఇది: 20 చదరపు మీటర్ల షెడ్డులో 1000 కౌజు పిట్టలు పెంచుతున్నారు, అప్పు చేసి అందులోనే 1500 వేద్దామనుకుంటున్నారు, షెడ్డు ఎలాగూ ఉంది కాబట్టి పైన వచ్చేదంతా మిగులే కదా అంటున్నారు. మిగులు కాదండీ. ఈ అప్పు ఇప్పుడే తీసుకోకండి.

ప్రస్తుతం ఒక్కో పిట్టకి 200 చదరపు సెంటీమీటర్ల చోటు ఉంది, 1500 వేస్తే అది 133కి పడిపోతుంది. ఇరుకులో అన్నిటికీ మేత తొట్టి సరిగ్గా అందదు, కింద పొట్టు తడిసి అమ్మోనియా ఘాటు పెరుగుతుంది, వేడి బయటికి పోదు, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

చాలామంది పొరబడేది మాంసం శాతం దగ్గర. కోసి శుభ్రం చేశాక బతికున్న బరువులో దాదాపు 70 శాతం వస్తుంది, ఇరుకులో పెరిగినా ఆ శాతం పెద్దగా మారదు, అందుకే అంతా బాగానే ఉందనిపిస్తుంది. తగ్గేది పిట్ట బరువు.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. 1000లో 40 చనిపోయి, మిగిలినవి 200 గ్రాముల చొప్పున తూగితే 192 కిలోలు. 1500లో 120 చనిపోయి, మిగిలినవి 180 గ్రాములే తూగితే 248 కిలోలు. మొత్తం పెరిగింది, నిజమే, కానీ పెరిగింది 56 కిలోలు, దానికోసం వేసింది 500 పిల్లలు. అంటే మొదటి వెయ్యిలో పిల్లకి 192 గ్రాములు వస్తే, కొత్తగా వేసిన ఒక్కో పిల్ల వల్ల వచ్చింది 112 గ్రాములే, పిల్ల ఖరీదు మాత్రం అదే, తక్కువ తూగినా మేత ఖర్చులో తగ్గేదీ కొద్దే. దీని మీద వడ్డీ కూడా కట్టాలి, పైగా వాయిదా నెలనెలా వస్తుంది, మీ బ్యాచ్ డబ్బు 5-6 వారాల పెంపకం, షెడ్డు శుభ్రం చేసే రోజులు అయ్యాక గానీ రాదు.

వచ్చే బ్యాచ్‌లో షెడ్డుకి మధ్యలో అడ్డు కట్టి, ఒక సగంలో 500, రెండో సగంలో 550 వేయండి, ఆ 50 పిల్లలు మీ సొంత డబ్బుతోనే కొనండి. మేత సంచులు విడివిడిగా లెక్కపెట్టండి. అయిదో వారం చివర రెండు వైపులా 50 చొప్పున తూకం వేయండి, ఆడవి ఎక్కువ తూగుతాయి కాబట్టి ఆడ, మగ వేరుగా రాసుకోండి. ఆ తూకం, మేత, చావుల లెక్క నాకు పంపితే, మీ షెడ్డులో ఒక్కో అదనపు పిల్ల ఎంత ఇస్తుందో చూసి అప్పు సంగతి మాట్లాడదాం.