అజూమా ఊరికే దూకలేదు

ప్రశ్న: మాది నిజామాబాద్. మావాడు ఇంటర్ సెకండియర్. బాక్సింగ్‌లో జిల్లా పతకం ఉంది. ఘనా బాక్సర్ అజూమా నెల్సన్ వీడియోలు చూసి, చదువు ఆపేసి ప్రొఫెషనల్‌కి వెళ్తానని పట్టుబట్టాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీవాడు ఏ ఫైట్ చూశాడో ఊహించగలను. 1982 జులై, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ప్రపంచ ఛాంపియన్ సాల్వడార్ సాంచెజ్‌తో తలపడాల్సిన బాక్సర్ తప్పుకుంటే అజూమాను పిలిచారు. అమెరికాలో అప్పటికి ఆయన ఎవరో తెలిసినవాళ్లే తక్కువ. ఏడో రౌండ్లో పడ్డాడు, లేచాడు. పదిహేనో రౌండ్లో రిఫరీ ఆపేదాకా ఛాంపియన్‌కు ఊపిరి సలపనివ్వలేదు. ఓడినా పేరొచ్చింది. 1984 డిసెంబరులో ప్యూర్టోరికో వెళ్లి, విల్‌ఫ్రెడో గోమెజ్‌ను అతని సొంతగడ్డ మీదే నాకౌట్ చేసి డబ్ల్యూబీసీ (ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్) ఫెదర్‌వెయిట్ ప్రపంచ టైటిల్ బెల్టు పట్టుకొచ్చాడు.

కుర్రాళ్లకు ఇందులో తెగింపే కనిపిస్తుంది. నేనైతే 1978 చూడమంటాను. ఆ ఒక్క ఏడాదిలోనే ఆల్జియర్స్‌లో ఆల్ ఆఫ్రికా గేమ్స్ స్వర్ణం, ఎడ్మంటన్‌లో కామన్వెల్త్ స్వర్ణం. ప్రొఫెషనల్ అయింది ఆ తర్వాతే, 1979లో. ఖండమంతా జల్లెడ పడితే మిగిలినవాడు ఆయన. ఒలింపిక్స్ దాకా ఆగాల్సిందంటారా? 1980 మాస్కోను ఘనా బహిష్కరించింది, ఆగినా దక్కేది కాదు.

ఇక డబ్బు. ప్రొఫెషనల్‌లో నెల జీతం ఉండదు. ఫైట్ దొరికితేనే పర్సు, అంటే ఆ ఫైట్‌కిచ్చే డబ్బు, అందులో మేనేజర్‌కీ ట్రైనర్‌కీ వాటా. చెయ్యి విరిగితే ఇంట్లో కూర్చోవడమే. విజేందర్ సింగ్ అంతటివాడు కూడా 2008 బీజింగ్ ఒలింపిక్స్ కాంస్యం గెలిచాక, 2015లో గానీ అటు వెళ్లలేదు. అమెచ్యూర్‌గా పెద్ద పోటీల్లో పతకం తెస్తే రైల్వే, పోలీసు, ఆర్మీల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. మీ ఊరి నిఖత్ జరీన్ సంగతి మీకు చెప్పేదేముంది, ప్రపంచ ఛాంపియన్ అయ్యాక డీఎస్పీ అయింది. బాక్సర్ హుసాముద్దీన్‌దీ మీ ఊరే, ఆర్మీలో చేరి కామన్వెల్త్ పతకాలు తెచ్చాడు.

ఇంటర్ పరీక్షలు మాత్రం రాయించండి, అందులో బేరం లేదు. ఆపై డిగ్రీ కూడా చేతిలో ఉంటే రేపు పటియాలా ఎన్‌ఐఎస్‌ (జాతీయ క్రీడా సంస్థ)లో కోచింగ్ డిప్లొమాకైనా దారి ఉంటుంది. ఈలోగా కోచ్‌ను ఒక్క మాట అడగండి: మీవాడి వెయిట్‌లో రాష్ట్ర జట్టుకు ఆడే కుర్రాడితో మీవాడు మూడు రౌండ్లు నిలవగలడా? ఆయన ఏమన్నాడో రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.