ట్రయల్ ఇంజెక్షన్లు ఎండల్లో వస్తున్నాయి, పాడవకుండా ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: ఒంగోలులో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా కొత్తగా చేరారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇంజెక్షన్లు మే నెలలో చెన్నై నుంచి వస్తున్నాయి. రోహిణీ కార్తె ఎండలకు ఏమైపోతాయోనని టెన్షన్. నెల్లూరులో ఏడేళ్లుగా నాదీ ఇదే పని. నా చేతిలో పాడైన మందు మాత్రం ఎండకు పాడవలేదు, చలికి పాడైంది.

అప్పట్లో మాకున్నది మామూలు ఇంటి ఫ్రిజ్. ఎండలు ముదిరాయని నాబ్ తిప్పి చల్లదనం పెంచాను, పెట్టెలను వెనక గోడకు ఆనించి సర్దాను. సోమవారం పొద్దున లాగర్ (ఎప్పుడు ఎన్ని డిగ్రీలుందో రాసిపెట్టే చిన్న పరికరం) చూస్తే శనివారం రాత్రి నుంచి మైనస్ 1.5. మందు చూడ్డానికి తేటగానే ఉంది. అక్కడే మోసపోతాం. ఇన్సులిన్ లాంటి ప్రొటీన్ మందులు, అల్యూమినియం కలిపిన టీకాలు ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరావు, కంటికి తేడా తెలియకపోవచ్చు. వేడి తగిలితే ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని లెక్క చూసి కొన్నిసార్లు వాడుకోనిస్తారు. కానీ చలికి గురైన మా లాట్ (ఒకేసారి వచ్చిన సరుకు) మొత్తం వాడొద్దని స్పాన్సర్ నుంచి, అంటే ట్రయల్ నడిపించే కంపెనీ నుంచి, జవాబొచ్చింది. ఉదయగిరి నుంచి బస్సులో వచ్చిన పేషెంటును డోసు లేకుండా వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

రొయ్యల లారీలు చూస్తూ పెరిగినవాళ్లం, ఐస్ ఎంత కుమ్మరిస్తే అంత మంచిదనే లెక్క మన బుర్రలో ఉంటుంది. మందుకు అది పనికిరాదు. ఎప్పుడైనా మీరే డబ్బా కట్టాల్సి వస్తే డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్ నేరుగా పెట్టకండి. ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వచ్చేదాకా బయట ఉంచండి.

డబ్బా రాగానే సంతకం పెట్టేసి ఓపీకి వెళ్లిపోకండి. ముందు లాగర్ ఆపి, టైము రాసుకుని, మందును ఫ్రిజ్‌లో పెట్టండి. ఆపకుండా టేబుల్ మీద వదిలేస్తే మన గది వేడి కూడా అందులోకి ఎక్కుతుంది. ఒకసారి అలా వదిలేస్తే, దారిలో ఏమీ కాలేదని నిరూపించుకోవడానికి నాకు రెండు రోజుల మెయిళ్లు పట్టాయి.

లాగర్‌లో తేడా కనిపిస్తే మందు పారేయొద్దు, పేషెంటుకు ఇవ్వొద్దు. 2–8లోనే విడిగా పెట్టి, "వాడరాదు" అని చీటీ అంటించి, రీడింగులతో స్పాన్సర్‌కు రాయండి. "ఏం కాదులేమ్మా, ఇచ్చేయ్" అనే పెద్ద డాక్టరుగారు ప్రతి చోటా ఒకరుంటారు. ఆ నిర్ణయం ఆయనది కాదు, మీదీ కాదు. జవాబు వచ్చేదాకా ఆగాలని మర్యాదగా చెప్పండి.

చెన్నై నుంచి ఒంగోలు సుమారు 300 కిలోమీటర్లు, మామూలుగా పెద్ద దూరం కాదు. కానీ 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోతకు గురైనప్పుడు ఒంగోలు వైపు వెళ్లే బండ్లు నెల్లూరులోనే ఆగిపోయాయి. అందుకే ప్యాకింగ్ ఎన్ని గంటలు తట్టుకుంటుందో ముందే అడగండి. శుక్రవారం మాత్రం పంపొద్దని చెప్పండి, లేకపోతే ఆదివారం డబ్బా ఏదో గోడౌన్‌లో కూర్చుంటుంది.

ఫ్రిజ్‌లో లాగర్ ప్రోబ్‌ను (వేడి కొలిచే వైరు కొసను) గ్లైకాల్ అనే ద్రవం ఉన్న సీసాలో ముంచి ఉంచండి. గాల్లో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా పదీ పన్నెండూ చూపించి హడలగొడుతుంది, లోపలి మందు అంత త్వరగా వేడెక్కదు.

ఇంకొకటి. ఆదివారం కరెంటు పోతే జనరేటర్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఈ రోజే కనుక్కోండి. ఆ వాచ్‌మన్ నంబరు మా ఫ్రిజ్ తలుపు మీద మార్కర్‌తో రాసి ఉంటుంది.