తూటా పట్టింది కదా, పేల్చొచ్చా?

(పోలీసు ఆయుధశాలలో 31 ఏళ్లు తుపాకీలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. తుపాకీల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులివి.)

ప్రశ్న: కాజీపేటలో బ్యాంకు గన్‌మన్‌ని సార్. మాది 12 బోర్. 20 బోర్ తూటా ఇంకా పెద్దదనుకున్నా. చిన్నదంటున్నారు. పొరపాటున వేస్తే ఏమవుతుంది?

జవాబు: చిన్నదే తమ్ముడూ. బోర్ అంకెలు ఇంగ్లండు వాళ్ల పాత లెక్క. ఒక పౌండు సీసం లోహాన్ని, అంటే సుమారు 454 గ్రాములను, 12 సమానమైన గుండ్లుగా చేస్తే అందులో ఒక గుండు పట్టే బ్యారెల్ 12 బోర్. అదే సీసాన్ని 20 గుండ్లు చేస్తే ఒక్కోటి చిన్నదవుతుంది. 12 బోర్ వెడల్పు సుమారు 18.5 మి.మీ., 20 బోర్‌ది 15.6. (410 బోర్ మాత్రం ఈ లెక్కలోది కాదు. అది నేరుగా అంగుళాల కొలత, 0.410.)

ఇక ప్రమాదం సంగతి. 20 తూటా మీ చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా పెట్టే అరలో, నిలవదు. ముందుకు జారి బ్యారెల్ గొంతులో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే చాంబర్ ఖాళీగానే ఉంటుంది. తూటా వేయలేదేమో అనుకుని 12 తూటా పెట్టి ట్రిగ్గర్ నొక్కితే బ్యారెల్ పగులుతుంది, అదీ మన ఎడమ చెయ్యి ఉండే చోటే. అలా పగిలిన తుపాకీ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఇనుము అరటితొక్కలా విచ్చుకుపోయి ఉంది. దాని యజమానికి రెండు వేళ్లు పోయాయి. అమెరికాలో 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేసేది ఈ పొరపాటు జరగకూడదనే. డ్యూటీ ఎక్కేటప్పుడు చాంబర్ చూసి ఊరుకోకండి. తుపాకీ విప్పి బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి ఆ చివరిదాకా చూడండి.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా ఊరు. తాత డబుల్ బ్యారెల్ ఇప్పుడు నాన్న లైసెన్సు మీద ఉంది. కొత్త 70 మి.మీ. తూటాలు అందులో చక్కగా పడుతున్నాయి. అటక మీద పాత కాగితపు తూటాల డబ్బా కూడా దొరికింది. రెండూ వాడొచ్చా?

జవాబు: చక్కగా పడటమే ఇక్కడ మోసం బిడ్డా. తూటా మీద రాసే పొడవు, పేలి మూతి మడత విచ్చుకున్నాక ఉండేది. పేలకముందు అది పొట్టిగా ఉంటుంది కాబట్టి 65 మి.మీ. చాంబర్‌లోనూ దూరుతుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకై, లోపల ఒత్తిడి బాగా పెరుగుతుంది. బ్యారెల్ అడుగున 65 అనో, రెండున్నర అంగుళాలనో ఉంటే 70 వేయకండి. 70 చాంబర్‌లో 65 వేస్తే ఇబ్బంది లేదు. అంకె అరిగిపోయుంటే లైసెన్సున్న డీలర్‌తో గేజు పెట్టి కొలిపించండి. బ్యారెల్ మీద చెక్క చారల్లాంటి మెలికలు కనబడితే అది పాత నల్ల తుపాకీమందు కాలపుది కావచ్చు. చూపించకుండా ఒక్కటి కూడా కాల్చొద్దు.

కాగితపు తూటాలు వానాకాలం తేమకు ఉబ్బుతాయి. వాటిని ఎండబెట్టకండి, పొయ్యిలోనో చెత్తలోనో వేయకండి. విడిగా డబ్బాలో పెట్టి పోలీస్ స్టేషన్‌కు చెప్పి అప్పగించండి. ఇంకో మాట. ఏ తూటా అయినా ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే విప్పొద్దు. ఎవరూ లేని వైపు గురిపెట్టి కనీసం అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటాను. నాకు .32 రివాల్వర్ ఉంది. దుకాణంలో .32 తూటాలు రెండు రకాలు చూపించి ఏది కావాలన్నారు. టెన్షన్ వచ్చి తిరిగి వచ్చేశాను.

జవాబు: మంచి పని చేశారమ్మా. అంకె ఒకటే గానీ రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. రివాల్వర్ తూటా కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు సుమారు 23 మి.మీ., పిస్టల్‌ది 17. రివాల్వర్ తూటాకు వెనక అంచు బయటికి బాగా వచ్చి ఉంటుంది, అదే దాన్ని సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే గుండ్రటి తిరిగే భాగంలో, ఆపుతుంది. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ కూడా .32 రివాల్వరే. ఈసారి లైసెన్సు పట్టుకెళ్లి "రివాల్వర్‌వి" అని నోరు తెరిచి అడగండి. తూటా అడుగున ఉన్న ముద్రను పెట్టె మీది రాతతో పోల్చి చూశాకే డబ్బివ్వండి.